గేటు దాకా గౌరవం

మా జహీరాబాద్‌లో మిలిటరీ ఆయనకు మర్యాద తక్కువేం కాదు. ఆగస్టు 15న ముందు వరసలో కుర్చీ, మెడలో శాలువా, మర్నాడు పేపర్లో ఫొటో. వచ్చిన శాలువాలన్నీ పెట్టి బట్టల కొట్టు తెరవొచ్చు గానీ, దుకాణం అద్దెకు అడ్వాన్సు ఎవరిస్తారని మాత్రం అడక్కూడదు. అడిగితే ఊరి దేశభక్తి చల్లబడుతుంది.

సరిహద్దులో కాలు పోగొట్టుకుని వచ్చిన జవానుకు ఊరంతా కలిసి కనిపెట్టిన కొలువు ఒక్కటే: వాచ్‌మన్. "ఫౌజీ గదా సార్, గేటు కాడ నిలబడితే సాలు, దొంగ అటు దిక్కు సూడడు." నిలబడలేడని సైన్యం ఇంటికి పంపిన మనిషిని మనం పన్నెండు గంటలు నిలబెట్టి ఆదుకుంటున్నాం! సైన్యంలో ఆయన బండ్ల ఇంజిన్లు విప్పి బిగించాడు. ఇది ట్రాక్టర్లు తయారయ్యే ఊరు. ఈ రెండు ముక్కలూ కలపడం ఎవరికీ చేతకాదు. "మెకానిక్ అంటే ఐటీఐ కాగితం ఉండాలె గద?" మంచుకొండల్లో మొరాయించిన ట్రక్కు ఆయన్ను ఏ కాగితమూ అడగలేదు.

మా ఊరి మీదుగా పోయే 65వ నంబరు హైవే పుణెలో తేలుతుంది. అక్కడి కృత్రిమ అవయవాల కేంద్రం 1944 నుంచి సైనికులకు కాళ్లు అమరుస్తోంది. అదే పుణెలోని ఖడ్కీలో క్వీన్ మేరీస్ టెక్నికల్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. గాయపడ్డ సిపాయికి పని నేర్పాలని తెల్లదొరలకు 1917లోనే తోచింది. మన ఆలోచన ఇంకా శాలువా దాటలేదు.

సర్కారు మాత్రం శాతాల్లో ఉదారమే. గాయంతో కొలువు వదిలినవాడి వైకల్యం 50 శాతం లోపుంటే పింఛనుకు 50గా, 75 లోపుంటే 75గా, అదీ దాటితే 100గా లెక్కగడుతుంది. కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థల గ్రూప్ సీ ఉద్యోగాల్లో 14.5 శాతం మాజీ సైనికులది; అందులో 4.5 వికలాంగ సైనికులకు, అమరుల కుటుంబాలకు. కోటా నిండకపోతే 'అర్హులు దొరకలేదు' అని ఫైలులో రాసుకుంటారు. అర్హుడు అదే గేటు దగ్గర, లోపలికొచ్చే బండ్ల నంబర్లు రాసుకుంటుంటాడు.

విధి నిర్వహణలో వికలాంగులైన సైనికుల సంవత్సరంగా 2018ని సైన్యం ప్రకటించింది. మనమూ అలాంటిదేదైనా చేద్దామని మా గల్లీ పెద్దమనిషితో అన్నాను.

"మస్తుగుంటది సార్! పెద్ద సభ పెడదాం, ఎమ్మెల్యేని పిలుద్దాం."

"మరి ఆ మిలిటరీ ఆయన్ని?"

"పిలవకుంట ఎట్ల? బయట పార్కింగ్ ఎవలు సూస్తరు మరి!"