తొమ్మిదవది వంతు: ఒక స్కోరు పుస్తకం పద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక

ఈ పద్యం ఏ కావ్యంలోనూ లేదు. సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్‌లో ఆదివారాలు ఆడే ఒక క్లబ్బు వారి స్కోరు పుస్తకం వెనక అట్ట మీద, సోడాల బాకీకీ ఎవరిదో ప్లంబర్ ఫోను నంబరుకీ మధ్య పెన్సిలుతో రాసి ఉంది. కవి పేరు లేదు. కాలనిర్ణయం మాత్రం కష్టం కాదు. అదే అట్ట మీద మొన్నటి శ్రావణంలో ఆడిన మ్యాచ్ తాలూకు చాయ్ ఖర్చు రాసుంది. శ్రావణం కనుక జట్టులో కొందరు పెళ్ళిళ్ళకు పోయారు. పదకొండో మనిషి దొరక్క కెప్టెన్ శనివారం రాత్రి పదింటి దాకా ఫోన్లు చేశాడు. చివరికి, అకాడమీలో కొడుకును నెట్స్‌కు తెచ్చే ఒక తండ్రి "మావాడు ఖాళీయే సార్" అన్నాడు. కావ్యానికి ఇంతకన్నా ప్రేరణ అక్కర్లేదు.

మూలము

పదియు మూడు నేండ్ల పసివాడు వచ్చెను
తొమ్మిదవది వంతు; దూరసీమఁ
గాపు గాయఁబెట్టి, కడ కొక్క బంతియు
నీయరైరి పెద్ద లేమి వింత!

ఛందస్సు ఆటవెలది. పేరులోనే ఆట ఉంది గనుక కవి వేరే ఛందం కోసం వెతుక్కోలేదు. "మూడు నేండ్ల" దగ్గర ఆ నకారం ఎక్కడి నుంచి ఊడిపడిందని వైయాకరణులు నిలదీయవచ్చు. ఎక్స్‌ట్రాలు లేని ఇన్నింగ్స్ ఉండదని సమాధానం. దాన్ని బై కింద రాసుకోవాలి, బ్యాటరు ఖాతాలో వేయకూడదు.

ప్రతిపదార్థం

పదియు మూడు నేండ్ల = పదమూడేళ్ళ వయసు గల (ఇది తండ్రి లెక్క; ఎదుటి జట్టు లెక్కలో "పదహారుంటాయి, ఒట్టు"); పసివాడు = మొన్న నెట్స్‌లో ఇదే కెప్టెన్‌ను లెగ్ బ్రేక్‌తో రెండుసార్లు బౌల్డ్ చేసినవాడు; వచ్చెను = నాన్న స్కూటరు వెనక, తనంత కిట్ బ్యాగును వాటేసుకుని వచ్చాడు; వంతు = బ్యాటింగు వంతు; తొమ్మిదవది = ఏడు వికెట్లు పడితే గాని రానిది; దూరసీమన్ = లాంగాన్‌లో; కాపు గాయన్ పెట్టి = నిలబెట్టి; కడకు = స్టంపులు పీకేదాకా; ఒక్క బంతియున్ = ఆడటానికి గాని వేయటానికి గాని ఒక్క బంతయినా; పెద్దలు = ఈ పదం కింద విచారిస్తాం; ఈయరైరి = ఇవ్వలేకపోయారు; ఏమి వింత = ఇందులో వింతేమీ లేదని భావం.

తాత్పర్యం

ఆటగాడని పిలిచారు. వచ్చాక పిల్లాడని తేల్చారు.

విశేషాలు

"పదియు మూడు" అని కవి విడదీసి చెప్పడంలో లోతుంది. మన క్రికెట్లో వయసు చెబితే సరిపోదు, నిరూపించాలి. బర్త్ సర్టిఫికెట్ ఒకటి చెబుతుంది, స్కూలు రికార్డు ఇంకొకటి చెబుతుంది. అందుకే బీసీసీఐ అండర్-16 కుర్రాళ్ళకు ఎడమ మణికట్టు ఎక్స్‌రే తీయించి, ఎముక ఎదుగుదలను బట్టి వయసు కట్టే టీడబ్ల్యూ-3 పద్ధతి పెట్టింది. ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం అని మన తార్కికులు చెప్పిన ప్రమాణాలకు ఎక్స్‌రే చేరిందన్నమాట. ఆదివారం మ్యాచ్‌కి ఆ బాధ లేదు. మీసం రాలేదు కాబట్టి పిల్లాడే.

పదమూడుకు ఇంకో చిక్కుంది. క్రికెట్ నిబంధనల ప్రకారం పదమూడు లోపు పిల్లల బంతి 133 నుంచి 144 గ్రాములు. పెద్ద మగవాళ్ళ బంతి సుమారు 156 నుంచి 163. అంటే ఈ బాలుడు నిరుడు పట్టుకున్న బంతికీ ఈ ఆదివారం పట్టుకోబోయే బంతికీ ఇరవై గ్రాముల తేడా. బంతి కాస్త లావు కూడా. లెగ్ బ్రేక్ వేసేవాడికి ఆ లావు వేళ్ళకు వెంటనే తెలుస్తుంది. పిచ్ అదే ఇరవై రెండు గజాలు. దానిమీద మేకులు కొట్టి పరిచిన మ్యాటు. మ్యాటు మీద పడ్డ బంతి మట్టి మీద కన్నా ఎత్తు లేస్తుంది. ఆరడుగుల వాడికి నడుము దగ్గరికొచ్చేది ఇతనికి మెడ దగ్గరికొస్తుంది. ఈ బాలుడి పక్షాన నిజంగా భయపడాల్సిన సంగతి ఇదొక్కటే. పెద్దలు దీని గురించి ఒక్క మాట కూడా అనలేదు.

"పెద్దలు" అన్న మాటకు అర్థమేమిటి? వయసు చేత పెద్దలా, ఆట చేత పెద్దలా? క్రికెట్ ఈ ప్రశ్నను రెండు చివర్ల నుంచీ చిక్కబెట్టింది. తెలుగింటి సి.కె.నాయుడు 61 ఏళ్ళ వయసులో 1956-57 సీజన్ రంజీ ఆడాడు. అటు చూస్తే సచిన్ టెండూల్కర్ 1984లో జాన్ బ్రైట్ క్లబ్బు తరఫున బొంబాయి కంగా లీగ్‌లో దిగేటప్పటికి పదకొండేళ్ళవాడు. కంగా లీగ్ వానాకాలంలో, తడి పిచ్‌ల మీద ఆడేది. అక్కడ మీసాలవాళ్ళకే కాళ్ళు జారతాయి. ఐదేళ్ళు తిరిగేసరికి సియాల్‌కోట్ టెస్టులో వకార్ యూనిస్ బంతి ముక్కుకు తగిలినా క్రీజు వదలకపోవడానికి ఆ తడి పిచ్‌లే కారణమని నేననను. కానీ ఏమీ సంబంధం లేదని కూడా అనలేను.

మన ఊరి ఉదాహరణ కావాలంటే సికింద్రాబాద్‌లో పెరిగిన మిథాలీ రాజ్ ఉంది. 1997 ప్రపంచకప్ ప్రాబబుల్స్‌లో పేరొచ్చేనాటికి ఆమెకు పద్నాలుగేళ్ళు. ఆఖరి జట్టులో తీసుకోలేదు. 1999లో ఐర్లండ్ మీద తొలి వన్డేలోనే 114 నాటౌట్. అప్పటికి పదహారు. గుంటూరు బిడ్డ అంబటి రాయుడు 2002-03లో హైదరాబాద్ తరఫున ఆడుతూ, అదీ ఆంధ్ర జట్టు మీదే, ఒకే రంజీ మ్యాచ్‌లో 210, 159 నాటౌట్ కొట్టాడు. అప్పటికి పదిహేడు. ఇక 2025 ఏప్రిల్ 28న జైపూర్‌లో పద్నాలుగేళ్ళ వైభవ్ సూర్యవంశీ 35 బంతుల్లో సెంచరీ చేసినప్పుడు, అతనికి బంతులేసిన వాళ్ళలో ఇషాంత్ శర్మ ఒకడు. ఇషాంత్ తొలి టెస్టు ఆడింది 2007లో, వైభవ్ పుట్టింది 2011లో. ఆ రాత్రి హైదరాబాద్ క్లబ్ క్రికెట్లో ప్రతి తండ్రీ నిద్రపోలేదని ప్రతీతి.

ఆ నిద్రలేమి ఫలితమే ఒక పాఠాంతరం. తండ్రిగారు వాట్సాప్ స్టేటస్‌లో పెట్టిన ప్రతిలో మొదటి పాదం "ప్రతిభుండు వచ్చెను" అని ఉంది. గణాలు సరిపోయాయి, యతి కూడా చెల్లింది. కానీ ప్రతిభుండు అనే మాట ఏ నిఘంటువులోనూ లేదు, తండ్రుల నోట మాత్రమే ఉంది. కనుక "పసివాడు" అన్నదే శిష్టపాఠం.

"దూరసీమఁ గాపు": పరేడ్ గ్రౌండ్ ఎరిగినవారికి ఈ సమాసం కళ్ళకు కడుతుంది. ఆదివారం పొద్దున అక్కడ ఎన్ని మ్యాచ్‌లు జరుగుతాయో లెక్క తెలియదు. మన లాంగాన్ నిలబడ్డ చోట పక్క మ్యాచ్ పాయింట్ ఫీల్డరు నిలబడి ఉంటాడు. ఇద్దరూ వీపులు కలుపుకుని కబుర్లాడుకోవచ్చు. బాలుడు అక్కడ నిలబడి రెండు మ్యాచ్‌ల బంతులు చూసుకోవాలి. తన మ్యాచ్ జరిగినంతసేపూ మొత్తం మీద రెండు బంతులు అటు వచ్చాయి. ఒకటి ఒంటి చేత్తో ఆపి, ఒక్క టప్పా పడేలా కీపర్ గ్లవ్స్‌లోకి విసిరాడు. "షాబాష్ చోటూ" అని కేక. రెండో బంతి పక్క మ్యాచ్‌ది. అది తలకు జానెడు దూరంలో పోయింది. దానికి ఎవరూ కేక వేయలేదు, చూసినవాడే లేడు.

పూర్వపక్షం: "పిల్లాడికి దెబ్బ తగులుతుందని దూరంగా పెట్టాం, కింద నంబరులో దింపాం. ఇది ప్రేమ కాదా?"

సిద్ధాంతం: ప్రేమే. ఎవరి మీద అన్నదే ప్రశ్న. తొమ్మిదో నంబరుకు వచ్చేటప్పటికి ఏం జరుగుతుందో చూడండి. ఏడు వికెట్లు పడ్డాయి. తోక ఎంతసేపని ఎదుటి కెప్టెన్ పొద్దున్నే కొత్త బంతి వేసిన పొడుగాటి ఫాస్ట్ బౌలర్‌ను మళ్ళీ పిలుస్తాడు. అతను గంటన్నర చెట్టు కింద విశ్రాంతి తీసుకుని, అరటిపండు తిని, తాజాగా ఉంటాడు. పిల్లాడు క్రీజులోకి వచ్చి గార్డు అడిగేలోపే ఇద్దరు స్లిప్పుల్లోకి జరుగుతారు. ఇంకొకడు సిల్లీ పాయింట్‌లోకి వచ్చి "స్కూల్లో హోంవర్క్ చేశావా నాన్నా" అని అడుగుతాడు. అదే నాలుగో నంబరులో దింపి ఉంటే? కొత్త బంతి తేజం తగ్గి, ఇద్దరు పొట్ట అంకుళ్ళు స్పిన్ వేస్తున్న వేళ దిగేవాడు. కాళ్ళు కదుపుకోవడానికి ఇరవై బంతులు దొరికేవి. భద్రత పేరు చెప్పి ఆ రోజుకల్లా ప్రమాదకరమైన చోటు వాడికి కేటాయించారు. ఆ రోజు ఆ చోటు కూడా దక్కలేదు. టాపార్డరే సరిపోయింది.

నిజమైన జాగ్రత్తలు వేరే ఉన్నాయి. ఇంగ్లండ్ బోర్డు పెద్దల మ్యాచ్‌లో ఆడే పిల్లల గురించి చెప్పేవి చాలా సాదా సంగతులు. పద్దెనిమిది లోపువాళ్ళు గట్టి బంతి ఆడేటప్పుడు హెల్మెట్ తీయకూడదు. పదమూడు లోపు పిల్లలను బ్యాటరుకు పదకొండు గజాల లోపల నిలబెట్టకూడదు, ఆఫ్ సైడ్ వికెట్ల వెనక తప్ప. ఫాస్ట్ బౌలింగ్ చేసే పిల్లల చేత ఒక్కో స్పెల్‌లో ఇన్ని ఓవర్లకు మించి వేయించకూడదు. వాటిలో "తొమ్మిదో నంబరులో దింపవలెను" అన్న సూత్రం నాకు కనిపించలేదు.

రెండో పూర్వపక్షం దీనికన్నా గట్టిది. "నాలుగో నంబరు ఆయన వారానికి ఆరు రోజులు ఆఫీసులో నలిగి, ఆదివారం ఐదింటికి లేచి, ఇంట్లో మాటలు పడి వస్తాడు. చందా ఆయన కడతాడు. కొత్త బంతి ఆయన కొన్నాడు. ఈ పిల్లాడికి ముందు ఇంకా వెయ్యి ఆదివారాలున్నాయి. ఆయనకు మోకాలు ఎన్ని ఆదివారాలు ఒప్పుకుంటుందో తెలియదు."

దీనికి చప్పున సమాధానం చెప్పేవాడు క్లబ్ క్రికెట్ ఆడనివాడు. నేను ఆ నాలుగో నంబరు ఆయన పక్షాన కొంతదూరం వస్తాను. ఆయన చోటు ఆయనదే. కానీ బౌలింగ్ సంగతి? ఆ మ్యాచ్‌లో ఏడుగురు బౌలింగ్ చేశారు. స్కోరు పుస్తకంలో ఉంది. వారిలో ఇద్దరు "ఏదో ఒక ఓవర్ తిప్పి చూద్దాం" అని వేసినవాళ్ళే. ఒకాయన ఓవర్లో మూడు వైడ్లు, ఒక నోబాల్. నెట్స్‌లో తనను రెండుసార్లు పడగొట్టిన లెగ్ బ్రేక్ లాంగాన్‌లో నిలబడి ఉందని కెప్టెన్‌కు తెలియదనుకోవాలా? తెలుసు. వేయిస్తే మళ్ళీ వికెట్ తీస్తాడనీ, అప్పుడు పదిహేనేళ్ళుగా ఆఫ్ స్పిన్ వేస్తున్న తాను ఇంటికెళ్ళి ఏమని చెప్పాలో తెలియదనీ తెలుసు. "ఈయరైరి" అనడంలో కవి చేసిన చమత్కారం ఇదే. "ఈయరు" అంటే ఇవ్వరు. "ఈయరైరి" అంటే చెయ్యి దాకా వచ్చి ఆగిపోయింది.

ఇక పరుగుల మర్యాద గురించి ఒక మాట. ఇలాంటి పిల్లలు పెద్దలతో జోడీ కట్టినప్పుడు రనౌట్లు ఎక్కువవుతాయని అనుభవజ్ఞులు చెబుతారు. కారణం మన భాషే. సమవయస్కుడైతే "రా" అంటే చాలు. అంకుల్ అవతలి ఎండ్‌లో ఉంటే "రండంకుల్, రండి" అనాలి. బహువచనం పూర్తయ్యేసరికి బంతి కవర్స్ చేతిలో ఉంటుంది. "వద్దంకుల్, వెనక్కెళ్ళండి" అనేది ఇంకా దీర్ఘం. దానికి స్టంపులే అడ్డంపడతాయి. ఒక అకాడమీ కోచ్ తన శిష్యులకు "క్రీజులో ఉన్నంతసేపు అందరినీ ఒరేయ్ అనండి, బయటికొచ్చాక దండం పెట్టండి" అని చెప్పాడట. ఇంతకన్నా ఆచరణయోగ్యమైన నీతిశాస్త్రం నేను చదవలేదు.

కవినిర్ణయం

బ్యాటింగ్ వంతు రాని పిల్లాడి చేతికి స్కోరు పుస్తకం అంటగట్టడం క్లబ్ క్రికెట్ సంప్రదాయం. ఆ మ్యాచ్ రెండో ఇన్నింగ్స్ పేజీ అంతా గుండ్రటి స్కూలు అక్షరాల్లో ఉంది. దాన్ని బట్టి కవి ఆ బాలుడేనని కొందరి మతం. అది నిలవదు. ఇంగ్లీషు మీడియం ఎనిమిదో తరగతిలో ఎవరూ అరసున్నలు పెట్టరు. పైగా పద్యం చేతిరాత వాలుగా, పాత కాలపు అయ్యవారి రాతలా ఉంది. పిల్లాడి పక్కన మ్యాటు చుట్ట మీద కూర్చుని చాయ్ తాగుతూ ఉండిపోయిన తాతగారిని మిగతావారందరూ మరిచిపోయారు. మనుమడు చుక్కలు పెడుతుంటే ఆయన అట్ట తిప్పి పాదాలు కట్టాడు. కెప్టెన్ నోరు తెరిచి అడగని మనిషి ఆయనొక్కడే కనుక ఈ పద్యం ఆయనదేనని నా నిశ్చయం.

పద్యానికి ఫలం ఉందా అని అడిగేవారికి, తరువాతి ఆదివారం పేజీ చూపించగలను. కెప్టెన్ ఎందుకో వెనక అట్ట తిప్పాడో, తిప్పినవారు ఎవరైనా చెప్పారో, ఆ రోజు బౌలింగ్ పట్టీలో ఎనిమిదో పేరు ఒకటి చేరింది. నాలుగు ఓవర్లు, ఇరవై ఆరు పరుగులు, ఒక వికెట్. రెండు ఫుల్‌టాస్‌లు సిక్సర్లకు పోయాయి. పెద్ద బంతి కదా, వేళ్ళకు ఇంకా అలవాటు కాలేదు. వికెట్ మాత్రం మంచిది: ఎదుటి జట్టులో బాగా నిలదొక్కుకున్న బ్యాటరు గూగ్లీని మిడాన్ చేతిలోకి లేపాడు. మిడాన్‌లో ఉన్నది కెప్టెన్. చాయ్ దగ్గర ఆయన ఆ క్యాచ్ గురించి అరగంట చెప్పాడు. బౌలర్ ఎవరో చెప్పే సమయం దొరకలేదు.