పట్టా వద్దు, ఆటే ముద్దు

అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ పై డివిజన్‌లో రూలు చిన్నదే: అయిదేళ్లలో నాలుగు సీజన్లు ఆడుకుని ఇంటికెళ్లాలి. కానీ కాలు విరిగితే ఓ ఏడాది కలుస్తుంది, కరోనా వచ్చినప్పుడు ఇంకో ఏడాది కలిసింది. అలా కామ్ మెకార్మిక్ 2016లో ఒరెగాన్‌లో చేరి, 2024లో మయామీ తరఫున తొమ్మిదో ఏడు ఆడాడు. పాపం, అందులో చాలాకాలం కట్లతోనే గడిచిందనుకోండి.

అసలు మొనగాడు మైక్ ఫ్లింట్. తగాదాలు పడుతున్నాడని 1971లో సల్ రాస్ కాలేజీ జట్టు గెంటేస్తే, మిగిలిపోయిన ఆ ఒక్క సీజన్ బాకీ వసూలుకు 2007లో మళ్లీ అక్కడే తేలాడు; ఆ చిన్న డివిజన్‌లో అయిదేళ్ల గడువు లేదు. వయసు 59! స్కాలర్‌షిప్ లేదు, పైసా రాదు. అందరూ చప్పట్లు కొట్టారు. కొట్టరా మరి, పోయేదేముంది?

2021 నుంచి ఆటగాళ్లు ప్రకటనల్లో సంపాదించుకోవచ్చన్నారు. అంతే, డిగ్రీ మీద ఎక్కడలేని మమకారం పుట్టుకొచ్చింది. ఇంకో ఏడాది కావాలంటే ఇప్పుడు పట్టుకోవాల్సింది కోచ్‌ను కాదు, లాయర్‌ను. బెంచీ మీది పద్దెనిమిదేళ్ల కుర్రాడు మాత్రం, ఈ సీనియర్ ఎప్పుడు పాసవుతాడా అని రోజూ దేవుడికి దణ్ణం పెట్టుకుంటున్నాడు.