టోవా పాయో బల్ల చెప్పుకున్న కథ

నేను సింగపూర్‌లో, టోవా పాయోలోని ఒక హాకర్ సెంటర్లో నేలకు బిగించిన గుండ్రటి బల్లని. వీధి బళ్లవాళ్లను తెచ్చి, కుళాయీ మురుగుకాల్వా ఉన్న ఒక కప్పు కింద పెట్టాలని 1971లో ప్రభుత్వం పూనుకుంది. ఆ ఊపులో పుట్టినదాన్ని. కదల్లేను కనుక వినడమే నా కాలక్షేపం.

మొదట్లో నా మీద మోచేతులు ఆనించినవాళ్లు హొక్కియెన్, తియోచ్యూ, కాంటొనీస్ అనే చైనా భాషలూ, తమిళమూ మాట్లాడేవారు. ఒకరిది ఒకరికి రాకపోతే బజారు మలయ్‌తో బేరం కుదిరేది. ఇంగ్లిష్ ఎప్పుడో ఆఫీసు గుమాస్తాల వెంట వచ్చి, తిని వెళ్లిపోయేది.

1979లో, చైనీయులంతా మాండరిన్ మాట్లాడాలని ప్రభుత్వం ఉద్యమం మొదలుపెట్టింది. టీవీలో, రేడియోలో హొక్కియెన్ కార్యక్రమాలు మూతపడ్డాయి. 1987 నాటికి బడులన్నిటిలో ప్రధాన బోధనా భాష ఇంగ్లిష్ అయిపోయింది. అమ్మమ్మ హొక్కియెన్‌లో ఏదో అడిగితే మనవడు తెల్లమొహం వేయడం నా కళ్లముందే జరిగింది. ఆ విషయంలో నాకింకా కోపమే.

అయితే హొక్కియెన్ ఎక్కడికీ పోలేదు. ఇంగ్లిష్ చొక్కా తొడుక్కుని వచ్చి నా ఎదుటే కూర్చుంది. "యూ ఈట్ ఆల్రెడీ?" అంటాడు టాక్సీ డ్రైవరు. మాటలు ఇంగ్లిష్‌వే, నడక మాత్రం హొక్కియెన్‌ది. ఆ భాషలో క్రియ రూపం మారదు. పని అయిపోయిందని చెప్పాలంటే వెనక ఒక 'లియావ్' తగిలిస్తే చాలు. ఇక్కడ ఆ కొలువు 'ఆల్రెడీ'కి దక్కింది. దాన్ని తప్పుల ఇంగ్లిష్ అనేవాళ్లు ఒక్కపూట నా దగ్గర కూర్చోవాలి. లండన్ క్లయింటుతో ఫోన్లో ఇస్త్రీ ఇంగ్లిష్ మాట్లాడిన వకీలు, ఫోను పెట్టగానే స్నేహితుడితో "కెన్ లా, నో ప్రాబ్లం" అంటాడు. ఎక్కడ ఏది వాడాలో అతనికి తెలుసు.

పెద్దలకది నచ్చలేదు. ఈ కలగలుపు ఇంగ్లిష్, అంటే సింగ్లిష్, జనానికి గుదిబండ అన్నాడు దేశపు తొలి ప్రధాని లీ క్వాన్ యూ 1999లో. మరుసటి ఏడే మంచి ఇంగ్లిష్ మాట్లాడండంటూ మరో ఉద్యమం! అయినా 2016లో ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు 'భలేగా ఉంది' అనడానికి వాడే 'షియోక్'తో పాటు 'హాకర్ సెంటర్'ను కూడా చేర్చుకుంది. 2020 జనగణనలో, ఇంట్లో ఎక్కువగా ఇంగ్లిషే మాట్లాడతామన్నవాళ్లు 48.3 శాతం. అందులో ఏ ఇంగ్లిష్ ఎంతో జనగణనవాళ్లు అడగలేదు, నన్నడిగితే చెప్పేదాన్ని.

ఒక్క ముచ్చట చెప్పకుండా ఉండలేను. 2006లో ఆ లీ క్వాన్ యూ కొడుకే ప్రధాని. జాతీయ దినోత్సవ ప్రసంగంలో మా కొట్ల భాష ఎత్తుకుని "మీ సియామ్ మై హమ్" అన్నాడు. అంటే మీ సియామ్‌లో గుల్లలు వద్దని. పాపం, ఆ పులుపుసేమ్యాలో అసలు గుల్లలే వెయ్యరు! మరునాటి నుంచి వచ్చిన ప్రతివాడూ మీ సియామ్ చెప్పి, గుల్లలు వద్దని మరీ మరీ అనడం, కొట్టావిడ గరిటె ఎత్తడం.