వేలిముద్ర మాస్టారు

గుంటూరు బ్రాడీపేటలో ఓ అపార్ట్‌మెంటు మూడో అంతస్తులో లెక్కల మాస్టారు ఒక్కరే ఉంటారు. రిటైరైన మనిషి. భార్య పోయి చాలాకాలమైంది. కొడుకు డాలస్‌లో. మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు ఆ కొడుకు వీధి తలుపుకున్న పాత హ్యాండిల్నీ ఇత్తడి తాళాన్నీ ఊడదీయించి, వేలిముద్ర తాళం బిగించి వెళ్లాడు.

"తాళంచెవి ఎక్కడ పెట్టారో వెతుక్కునే బాధ ఉండదు నాన్నా. పైగా మీరు తలుపు తీసినప్పుడల్లా నా ఫోన్లో తెలిసిపోతుంది. ఎలా ఉన్నారని రోజూ ఫోన్ చేసి అడగక్కర్లేదు" అన్నాడు.

మాస్టారికి ఒళ్లు మండింది. పల్లెల్లో పనిచేసినన్నాళ్లూ రాత్రిబడి నడిపి, నిశానీ కూలీల చేత సంతకాలు పెట్టించిన మనిషాయన. "ఊరందరి బొటనవేళ్ల సిరా వదిలించినవాణ్ణి. చివరికి నా ఇంట్లోకి నేను వేలిముద్ర వేసి వెళ్లాలా?" అని ఎదురింటాయన దగ్గర విసుక్కున్నారు.

ఎండాకాలం వచ్చేసరికి తాళం మొరాయించడం మొదలుపెట్టింది.

మెకానిక్ కుర్రాడు వచ్చాడు. మొదటిసారి నాలుగు పెన్సిల్ సెల్సూ మార్చాడు. రెండోసారి వేలు పెట్టేచోట మెత్తటి గుడ్డతో తుడిచాడు. మూడోసారి పాత ముద్ర చెరిపేసి కొత్తగా ఎక్కించాడు.

"వయసైతే వేలిగీతలు అరిగిపోతాయి మాస్టారూ. సిమెంటు పనివాళ్లకీ, అంట్లు తోమేవాళ్లకీ ఇదే బాధ. రేషన్ షాపు దగ్గర చూళ్లేదూ, ముసలాళ్లు వేలు తుడుచుకుని తుడుచుకుని మిషన్ మీద నొక్కుతుంటారు. ఇది చదివేది గీతల ఎత్తుపల్లాలే. చదునైపోతే దానికేం దొరుకుతుంది?"

"సుద్దముక్క పట్టిన చెయ్యి కదా, అరిగే ఉంటాయి" అని ఒప్పేసుకుని, మాస్టారు లోపలికెళ్లి రెండు గ్లాసుల్లో కాఫీ తెచ్చారు. కుర్రాడు కాఫీ తాగుతున్నంతసేపూ పాఠం సాగింది. 1897లో కలకత్తాలో వేలిముద్రల కార్యాలయం పెట్టారనీ, పదివేళ్ల ముద్రల్నీ 1024 అరల్లో సర్దే లెక్క వెనక అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే ఇద్దరు సబ్‌ఇన్‌స్పెక్టర్ల బుర్ర ఉందనీ, పేరు మాత్రం వాళ్లపై అధికారి హెన్రీ దొరకి దక్కిందనీ చెప్పారు. గ్లాసు ఖాళీ అయినా కుర్రాణ్ణి లేవనివ్వలేదు.

"మిగతా వేళ్లు కూడా ఎక్కించేస్తా మాస్టారూ. ఒకటి చదవకపోతే ఇంకోటి పనికొస్తుంది."

"వద్దొద్దు. బొటనవేలు ఒక్కటే ఉంచు."

"పోనీ, దీనికి మామూలు తాళంచెవి కూడా ఉంది. ఈ మూత జరిపితే కన్నం. హాయిగా అది వాడుకోండి."

"ఇంత ఖరీదు పెట్టి, మళ్లీ తాళంచెవా? అదీ వద్దులే."

నాలుగోసారి కంపెనీకి ఫోన్ డాలస్ నుంచే వచ్చింది. కొడుకు మండిపడుతున్నాడు. "ఐదుసార్లు తప్పు ముద్ర పడితే తాళం బిగుసుకుపోయి నా ఫోన్ గోల పెడుతోంది. వచ్చింది దొంగో, నాన్నో తెలియదు. పొద్దున్నే ఆఫీసుకి బయల్దేరుతూ, కారు పక్కకి ఆపి మరీ ఆయనకి ఫోన్ చేయాల్సి వస్తోంది. ఎంతైనా ఫర్వాలేదు, మంచిది చూసి కొత్త తాళం వేయండి."

కుర్రాడు కొత్త తాళం పెట్టె చంకన పెట్టుకుని వచ్చాడు. పాతది విప్పే ముందు, అందులో నమోదైన చిట్టా ఫోన్లోకి దించుకుని చూశాడు. పొద్దున పాలప్యాకెట్ వేళ, ఒక్క నొక్కుకే తెరుచుకుంది. కూరగాయల బండి వచ్చిన వేళ, ఒక్క నొక్కుకే. మధ్యాహ్నం కొరియర్ వచ్చినప్పుడు బయటికెళ్లి వచ్చినా అంతే. తప్పులన్నీ సాయంత్రం ఏడింటికే. డాలస్‌లో అప్పుడు పొద్దున ఎనిమిదిన్నర.

"మాస్టారూ, పొద్దున చదివిన వేలిని సాయంత్రం ఏడింటికి మాత్రం ఇది ఎందుకు చదవట్లేదంటారు?"

మాస్టారు ఎదురింటి తలుపు వైపు ఓసారి చూసి, గొంతు తగ్గించారు.

"బొటనవేలు పెడితే తలుపు తెరుచుకుంటుంది బాబూ. చిటికెనవేలు ఐదుసార్లు పెడితే మావాడు ఫోన్ చేస్తాడు."