పాత బోర్డు

మాస్టారు బ్యాంకు మెట్లెక్కేసరికి షట్టరు ఇంకా సగమే లేచింది. ఒక చేతిలో పాస్‌బుక్కు, ఇంకో చేతిలో ఫోను.

"అమ్మాయ్, నా ఖాతాలో 4,80,000 పోయాయి. రాత్రే 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను. నేనెక్కడ పొరబడ్డానో నువ్వు చెప్పు."

మేనేజరు ఆయన శిష్యురాలే. కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చింది. ఆయన తొందరపడే మనిషి కాదని పట్టణమంతటికీ తెలుసు. ఆ సహకార బ్యాంకులో 30 ఏళ్లుగా సభ్యులు. మహాజనసభలో టీ బిల్లు మొదలు ఆడిట్ ఫీజు దాకా పద్దుపద్దుకీ లెక్క అడుగుతారు. 2022 జనవరిలో హైదరాబాదు మహేశ్ బ్యాంకు సర్వర్లలోకి దొంగలు దూరి 12 కోట్లకు పైగా కాజేసిన వార్త కత్తిరించి, ఇక్కడి నోటీసు బోర్డుకు అంటించింది ఆయనే. సిబ్బంది తెరిచిన మెయిళ్లే దొంగలకు దారిచ్చాయన్న వాక్యం కింద ఎర్రసిరాతో గీత కూడా గీశారు.

"మెసేజిలో లింకేమైనా నొక్కారా మాస్టారూ?"

"నొక్కుతానా? కేవైసీ గడువు ముగిసిందని వచ్చింది. లింకు ముట్టుకోలేదు. మీ బ్యాంకువాళ్లు నేర్పినట్టే, పాస్‌బుక్కు మీద అచ్చయిన చిరునామా చూసి ఒక్కో అక్షరం కొట్టాను. తాళం గుర్తు ఉందా అని చూశాను, ఉంది. పైన మన బ్యాంకు బొమ్మే. పాస్‌వర్డు కొట్టాను. ఓటీపీ అడిగింది, ఇచ్చాను. ఎప్పుడూ అడిగేదేగా!"

ఆమె పాస్‌బుక్కు తిప్పి అట్ట వెనక చూసింది. ముఖం పాలిపోయింది.

"ఇది మన పాత చిరునామా మాస్టారూ. 2025 అక్టోబరు 31లోగా బ్యాంకులన్నీ చివర 'డాట్ బ్యాంక్ డాట్ ఇన్' ఉండే పేరుకి మారాలని రిజర్వు బ్యాంకు చెప్పింది కదా. ఆ పేర్లు ఇచ్చేది హైదరాబాదులోని ఐడీఆర్‌బీటీ. బ్యాంకులకి తప్ప ఇంకెవరికీ ఇవ్వదు. మనమూ మారాం."

"మారాక పాతది మూసేశారుగా?"

"మూయలేదు, వదిలేశాం. సైటు పేరు ఒకసారి కొంటే మనదైపోదు. ఏటా డబ్బు కట్టి నిలబెట్టుకోవాలి. మానేస్తే కొన్నాళ్లు ఆగి, అడిగినవాళ్లకి ఇచ్చేస్తారు. ఇల్లు ఖాళీ చేసి బోర్డు విప్పకుండా వచ్చేశాం. కొత్తగా దిగినవాడు ఆ బోర్డు కిందే కూర్చుని వసూళ్లు మొదలెట్టాడు."

"మరి తాళం గుర్తు?"

"పేరు ఎవరి చేతిలో ఉంటే వాళ్లకి అది నిమిషాల్లో, ఉచితంగా వస్తుంది. మీరు పంపేది దారిలో ఇంకెవరూ చదవలేరనే దానర్థం. అవతల కూర్చున్నది దొరో దొంగో అది చెప్పదు. పాత చిరునామాకి జనం ఇంకా పంపుతున్న మెయిళ్లు కూడా ఇప్పుడు వాడికే చేరతాయి."

అప్పటికే కౌంటర్ల ముందు జనం పోగయ్యారు. పాలకేంద్రం ఆయన, కూరగాయల కొట్టు ఆవిడ, పింఛనుదారులు. అందరి చేతుల్లోనూ అదే అట్ట, అదే చిరునామా.

"ఆ పేరుకి ఏడాదికెంత కట్టాలి?"

"1,200."

మాస్టారు లేచి నిలబడ్డారు. "ఇంతమంది కష్టార్జితానికి 1,200 బరువైందా? కట్టొద్దన్న ప్రబుద్ధుడెవడు? నువ్వైనా చెప్పలేదా?"

"చెప్పాను మాస్టారూ. పాత పేరు కొన్నేళ్లయినా మన దగ్గరే ఉండాలి, అక్కడికొచ్చినవాళ్లని కొత్త సైటుకి మళ్లించాలి అన్నాను. సభ ఒప్పుకోలేదు."

"మినిట్స్ పుస్తకం తియ్యి. అందరి ముందూ చదువుతాను."

"ఇప్పుడెందుకులెండి..."

"తియ్యమ్మా!"

తీసింది. ఆయన కళ్లజోడు సర్దుకుని గొంతెత్తారు.

"అంశం 9. కొత్త వెబ్‌సైటు వచ్చినందున పాత పేరుకు ఏటా కడుతున్న 1,200 రూపాయలు దుబారాగా భావించి నిలిపివేయుటకు తీర్మానించడమైనది. మేనేజరు అభ్యంతరం తోసిపుచ్చడమైనది. హర్షధ్వానాల మధ్య ఆమోదించడమైనది. ప్రతిపాదించినవారు..."

గొంతు ఆగిపోయింది.

కూరగాయల కొట్టు ఆవిడ జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చింది. "ఆ పేరు చదవండి మాస్టారూ! పిల్ల పెళ్లికి దాచినవి మొన్న నావీ ఇలాగే పోయాయి. వాడెవడో నాకు తెలియాలి."

మాస్టారు పుస్తకం ఆమెవైపు తిప్పి, సంతకం మీద వేలు పెట్టారు.

"నాదేనమ్మా."