మాఫీ లెక్క

మత్తయి 18వ అధ్యాయంలో రాజు తన దాసుడికి రద్దు చేసిన బాకీ 10,000 తలాంతులు. కూలివాడి లెక్కలో దాదాపు ఆరు కోట్ల రోజుల కూలి! అంత మాఫీ పొందినవాడు గడప దాటగానే, వంద రోజుల కూలి బాకీ ఉన్న తోటి దాసుడి గొంతు పట్టుకున్నాడు. ఆదివారం ఈ ఉపమానంపై ప్రసంగానికి అందరికన్నా గట్టిగా ‘ఆమెన్’ అన్నది ముందు వరుసలోని సంఘ పెద్దలే. ఆరాధన కాగానే కమిటీ కూర్చుంది. అన్యుణ్ణి పెళ్లాడిన పిల్లకు ప్రభువు బల్లలో చోటివ్వాలా? టీ చల్లారేలోపే వెలి తేలిపోయింది. ఆ పెద్దల్లో ఒకాయన కొడుకు తాగి రోడ్డున పడ్డ సంగతి మాత్రం ప్రార్థన అవసరతల చీటీకి ఎక్కింది. అదీ పేరు లేకుండా.