క్యూలో నిలబడిన డబ్బు

ఈ కాలం పిల్లలకు డబ్బు పెట్టడమంటే ఫోను గోకడం. షాలిబండలో ఆటో ఎక్కుతూ కొన్నది చార్మినార్ దగ్గర దిగేలోపు అమ్మేస్తారు. నాలుగు వందలు మిగిలితే దోస్తులందరికీ మదీనా దగ్గర దావత్. మర్నాడు నాలుగు వేలు పోతే ఇంట్లో పిల్లికి కూడా తెలియదు.

మా రోజుల్లో ఇట్లా ఉండేది కాదు. నేను పత్తర్‌గట్టీలో ఒక బట్టల కొట్టులో లెక్కలు రాసేవాణ్ణి. జీతంలో మిగిలిన నాలుగు రాళ్లు పోస్టాఫీసుకు చేర్చాలంటే సేఠ్‌ను బతిమాలి ఒక పూట సెలవు తీసుకోవాలి. లైన్లో నిలబడాలి. సంతకం సరిగ్గా పడలేదంటే మళ్లీ పెట్టాలి. 1988లో కిసాన్ వికాస్ పత్ర వచ్చింది, ఐదున్నరేళ్లలో రెట్టింపు. ఆ కాగితం మీద స్టాంపు దబ్బున పడే చప్పుడు వింటే అప్పుడే డబ్బు చేతికొచ్చినంత ధీమా. పత్రం ప్లాస్టిక్ కవరులోకి, కవరు ట్రంకుపెట్టెలో పెళ్లిచీర కిందికి. రెండున్నరేళ్లు నిండేదాకా వాళ్లు ఇవ్వరు. నిండాక తెచ్చుకుందామంటే మళ్లీ సెలవు, మళ్లీ లైను, మళ్లీ ఆ సంతకం. ఎవరు పోతారులే అని ఊరుకునేవాళ్లం. ఊరుకుంటే పెరిగింది.

దీన్ని మా తరం వాళ్లు తమ ఓర్పని చెప్పుకుంటారు. ఓర్పూ లేదు, పాడూ లేదు. క్యూ పొడవుగా ఉండేది, అంతే.

అనుమానముంటే మన నిజాం సంగతే చూడండి. 1948 సెప్టెంబరులో భారత సైన్యం వచ్చిన రోజుల్లో, ఆయన ఆర్థికమంత్రి మొయిన్ నవాజ్ జంగ్ చేతి మీదుగా పది లక్షల పౌండ్ల పైచిలుకు సొమ్ము లండన్‌లో పాకిస్తాన్ హైకమిషనర్ ఖాతాకు మారింది. నేను ఒప్పుకోలేదు, తిరిగివ్వండి అన్నాడు నిజాం. పాకిస్తాన్ కూడా ఒప్పుకుంటేనే ఇస్తామంది బ్యాంకు. ఇండియా, పాకిస్తాన్ ఒప్పుకోవడమేమిటి! డబ్బు అక్కడే ఉండిపోయింది. 2019 అక్టోబరులో లండన్ హైకోర్టు మన వైపు తీర్పు చెప్పేసరికి అది సుమారు మూడున్నర కోట్ల పౌండ్లయింది. డెబ్బై ఒక్క ఏళ్లు! ఆ ఖాతా ఏ షెహజాదా ఫోన్లోనో ఉండుంటే మూడో నెలకే ఖాళీ. (1965లో నిజాం ఐదు టన్నుల బంగారం దేశానికి దానమిచ్చాడని చాయ్ హోటళ్లలో ఇప్పటికీ ప్రమాణం చేసి చెబుతారు. తీరా ఆర్‌టీఐ జవాబు చూస్తే 425 కిలోలు, అదీ దానం కాదు, ఆరున్నర శాతం వడ్డీ బాండ్లలో. ఆయనకూ లెక్క తెలుసు.)

అయితే ఈ లండన్ కథ చెప్పి గెలిచాననుకున్న ప్రతిసారీ మా మనవడు ఒక పుల్ల వేస్తాడు. "ఏడాదికి అయిదు శాతమే పడ్డది తాతా. లండన్ల ధరలు గూడ గంతే పెరిగినయ్." నిజమే. ముప్పై అయిదింతలైంది కానీ కొనగలిగేది పెద్దగా పెరగలేదు. దాచడం వేరు, పెంచడం వేరు. ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. మాకు పీపీఎఫ్ 1986 నుంచి 2000 దాకా పన్నెండు శాతం ఇచ్చింది. ఇప్పుడు 7.1. మాకు ఐదున్నరేళ్లలో రెట్టింపైన పత్రం వీళ్లకు కావాలంటే 115 నెలలు ఆగాలి. నిదానంగా నడిచేవాడికి మా రోజుల్లో దొరికిన కూలి ఇప్పుడు లేదు. వీళ్ల తొందర వెనక అదీ కొంత ఉంది.

కొంతే. మిగతాదంతా ఆప్షన్ల పిచ్చి. మా మనవడు కొనేదేమిటో నాకు అర్థమయ్యేసరికి ఒక ఎండాకాలం పట్టింది. ప్రీమియం కట్టి ఆప్షన్ కొంటాడు. గడువులోపు షేర్ మార్కెట్ సూచీ వాడనుకున్న వైపు, అనుకున్నంత కదలాలి. కదలక ఉన్నచోటే ఉన్నా ప్రీమియం రోజురోజుకూ కరుగుతుంది, గడువునాడు సున్నా. నా పత్రానికి కాలం కూలి చేసిపెట్టేది, వాడి దగ్గర కాలమే కూలి గుంజుకుంటుంది. 2024 సెప్టెంబరులో సెబీ లెక్క తేల్చింది: మూడేళ్లలో ఈ ఆట ఆడిన కోటి మందికి పైగా మామూలు జనంలో 93 శాతం నష్టపోయారు, మనిషికి సగటున రెండు లక్షలు. నేను ఆ కాగితం చదివి వినిపించాను. తాను మిగతా ఏడు శాతంలో ఉన్నానన్నాడు. అడిగిన ప్రతివాడూ అందులోనే ఉన్నాడు, అదెంత పెద్ద ఏడు శాతమో!

మా రోజుల్లో మోసాలు లేవా అంటారు. ఎందుకు లేవు? 1992లో హర్షద్ మెహతా పేరు చెప్పి మా బజారులో పాన్‌డబ్బా వాడు కూడా సిమెంటు షేర్లు మాట్లాడాడు. నిదానం మీద నమ్మకముంచినవాళ్లకూ దెబ్బలు తగిలాయి. వెనక ప్రభుత్వమే ఉందనుకున్న యూఎస్-64 మ్యూచువల్ ఫండ్ యూనిట్లు 2001 జులైలో వెనక్కి తీసుకోవడం ఆపేశారు. సత్యం షేరు ఏళ్ల తరబడి ముట్టకుండా ఉంచుకున్నవాళ్లకు 2009 జనవరి 7న ఒక్క పూటలో రూపాయికి పావలా కూడా మిగల్లేదు. ఉన్నదంతా ఒక్క కంపెనీలో పెట్టి పదేళ్లు కదలకుండా కూచుంటే అది ఓర్పు కాదు, పదేళ్ల జూదం.

మా పాతబస్తీకి ఇంకో చిక్కుంది. వడ్డీ హరామని బ్యాంకు డిపాజిట్ ముట్టని ఇళ్లు చాలా. వాళ్లకు బంగారం, జాగా, చిట్టీ, ఇవే దిక్కు. అక్కడే "వడ్డీ కాదు, లాభంలో వాటా" అన్న మాట తేనెలా దిగుతుంది. హీరా గోల్డ్‌లో ఏడాదికి 36 శాతం దాకా వస్తుందన్న ఆశతో పెట్టినవాళ్లలో ఆడవాళ్లూ ఉన్నారు. 2018 అక్టోబరులో దాని అధిపతి నౌహీరా షేక్ అరెస్టయ్యాక పోలీసు స్టేషన్ల ముందు నిలబడ్డారు. వాళ్లది అత్యాశ అని తేలిగ్గా అనేవాళ్లంటే నాకు ఒళ్లుమంట. వాళ్ల నమ్మకానికి తగిన నిదానమైన దారి ఎవరు చూపించారు?

లాడ్‌బజారులో నాకు ఒక గాజుల భాయ్ దోస్తు. చదువు పెద్దగా లేదు. గల్లాపెట్టె పక్కన పచ్చ గుడ్డసంచి ఒకటుంటుంది. రంజాన్‌కు ముందు గల్లా అంతా సరుకులో పెడతాడు, చాంద్‌రాత్ నాటికి తిరిగి రావాలి. ఒక్కో ఏడు వస్తుంది, ఒక్కో ఏడు లక్కగాజులు అటక మీదే ఉంటాయి. సంచిలోది మాత్రం పండగ వెళ్లాక గుల్జార్‌హౌజ్ చేరి, తులమో అరతులమో బిస్కెట్ అవుతుంది. నగ కాదు, తరుగు దండగని. "సాబ్, గల్లాది బజారుది, థైలీది బేటీది" అంటాడు. ఎంత మంచి సీజనైనా థైలీ విప్పి సరుకు కొనడు. 2025 ఏప్రిల్లో పది గ్రాములు లక్ష దాటినప్పుడు బజారంతా అమ్మమంది. బేటీ నికా ఇంకా కుదరలేదన్నాడు.

ఇదంతా మనవడికి చెప్పాను. వాడేం వెర్రివాడు కాదు. నెలనెలా సిప్ కూడా కడుతున్నానని చూపించాడు, అయిదో తారీఖున దానంతటదే కోసుకుంటుందట. సంతోషించి, ఆపాలంటే ఎట్లా అని అడిగాను. "ఇట్ల ఒక్కసారి నొక్కితే సాలు."

అందుకే నొక్కినా తేలిగ్గా బయటికి రానిది ఒకటుండాలని బ్యాంకుకెళ్లి, టోకెన్ తీసుకుని, ఎండలో వచ్చి పీపీఎఫ్ ఫారం వాడి ముందు పెట్టాను. పదిహేనేళ్ల గడువు చూసి నోరు తెరుస్తాడనుకున్నాను. వాడు ఫారం ఇటు తిప్పి అటు తిప్పి, "గిదంతా ఫోన్లనే అయితది గద తాతా, నువ్వు బ్యాంకుకెందుకు పోయినవ్?" అన్నాడు.